ఏడు వందల పదమూడో నంబరు కార్డు

కారు తలుపు సగం తెరుచుకుంటే చాలు, మామూలు మనిషి ఒళ్ళు ఓరగా చేసుకుని బయటపడతాడు. కాజాలక్కకి సగం చాలదు. తలుపు బార్లా తెరుచుకోవాలి. పక్క సీటులో మడిచి పెట్టుకున్న చక్రాల కుర్చీని ఒడి మీదుగా లాగి, కింద నేల మీద ఆనించి, విప్పి, చక్రాలు కదలకుండా బిగించి, రెండు చేతుల మీద ఒంటిని లేపి అందులోకి జారాలి. చెయ్యి తిరిగింది కాబట్టి అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ కారు పక్కన బారెడు ఖాళీ నేల ఉండాలి. ఏ విషయంలోనైనా సర్దుకుపోయే మనిషి ఆమె. ఆ బారెడు నేల దగ్గర మాత్రం సర్దుకుందామన్నా కుదరదు.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకీ ఆఫీసు కాగితాలకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊళ్ళో దర్జీలందరికీ ఆమె కాజాలక్క. నాలుగో ఏట జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయాయి. కాలితో తొక్కే మిషను ఎలాగూ ఆమెది కాదు కనక సూది పట్టుకుంది. పదహారో ఏట నుంచి ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. మిషను కాజా నాలుగు ఉతుకులకే పోగులు లేస్తుంది. కాజాలక్క కాజా అలా కాదు, చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా కళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉంటుందని దర్జీలు నవ్వేవాళ్ళు.

ఇన్నేళ్ళూ పని ఆమె దగ్గరికి వచ్చింది తప్ప ఆమె పని దగ్గరికి పోలేదు. మూటలు అన్నయ్య తెచ్చేవాడు, అన్నయ్య ఇచ్చి వచ్చేవాడు. ఈ మధ్యనే మొదటిసారిగా ఒకరు ఆమెను రమ్మన్నారు. పెద్ద కాంప్లెక్సులో మొదటి అంతస్తులో ఉన్న రెడీమేడ్ బట్టల షాపు మేడమ్. కొన్న బట్టలు ఒంటికి సరిపడేలా అక్కడికక్కడే సరిచేసి ఇవ్వడానికి ఒక మనిషి కావాలి.

"కిటికీ పక్కన బల్ల వేయిస్తాను. నెల రోజులు చూద్దాం," అంది మేడమ్. "ఒకటే మాట. పదికి షాపు తెరుస్తాం, పదికి మనిషి బల్ల దగ్గర ఉండాలి. కొన్నవాళ్ళు నిలబడి ఎదురుచూడరు. ఒకసారి రెండుసార్లు ఆలస్యమైతే ఊరుకుంటాను. మూడోసారి ఊరుకోను."

"రెండోసారి కూడా రానివ్వనండి," అంది కాజాలక్క.

అన్నయ్యకి మోటారు షెడ్డు ఉంది. ఎవరో వదిలేసి పోయిన పాత చిన్న కారు ఒకటి షెడ్డు వెనక తుప్పు పడుతుంటే, దాన్ని బాగుచేసి, బ్రేకుకీ యాక్సిలరేటరుకీ రెండు ఇనుప కడ్డీలు వెల్డింగు చేసి, చేతికందేలా పెట్టి ఆమెకు నడపడం నేర్పింది ఆయనే. చిన్నప్పుడు బడికి వీపు మీద మోసుకెళ్ళింది కూడా ఆయనే. ఆ మాట ఆయన ఎప్పుడూ గుర్తుచేసేవాడు కాదు. వదినే గుర్తుచేసేది.

కారుంటే సరిపోదు, కార్డు కావాలి. కాళ్ళు లేనివాళ్ళ బండి అని సర్కారు ఇచ్చే నీలం రంగు కార్డు. అద్దం వెనక అది కనిపిస్తేనే గుమ్మం పక్క స్థలంలో బండి పెట్టనిస్తారు. ఆ కార్డుకి పదకొండు నెలలు పట్టింది. మూడుసార్లు ఆసుపత్రి, నాలుగుసార్లు ఆఫీసు. ఒక డాక్టరు ఆమె కాళ్ళు చూసి, "ఇవి ఎప్పటికి నయమవుతాయన్నారు?" అని అడిగాడు. "మీరే చెప్పాలండి," అంది ఆమె. చివరికి వచ్చిన కార్డు మీద ఆమె ఫోటో లేదు, పేరు లేదు. ఒక ముద్రా, ఒక నంబరూ. ఏడు వందల పదమూడు.

"ఇలా ఇవ్వు, తడిస్తే పాడైపోతుంది. ప్లాస్టిక్ అంటించి తెస్తాను," అని అన్నయ్య పట్టుకెళ్ళి, గంటలో తళతళలాడించి తెచ్చి ఇచ్చాడు.

కాంప్లెక్సు గుమ్మం మెట్ల పక్కన, కుర్చీ ఎక్కడానికి కట్టిన ఏటవాలు దారి దగ్గర, నీలం గీతలు గీసిన స్థలాలు రెండున్నాయి. ఉన్నాయని గీతలు చెబుతాయి. ఒకదాంట్లో జనరేటరు కూర్చుంది. 'తాత్కాలికం' అని దాని మీద బోర్డు పెట్టి మూడేళ్ళయింది. అక్షరాలు వెలిసిపోతే ఈమధ్యనే మళ్ళీ రంగు వేయించారు కూడా. మిగిలింది ఒక్కటి. దానికి అడ్డంగా ఒక గొలుసు, గొలుసు పక్కన స్టూలు, స్టూలు మీద విజిల్ తాత. కార్డున్న బండి వస్తే తాత లేచి గొలుసు దించాలి. లేని బండి వస్తే విజిల్ ఊదాలి. ఊపిరి చాలకపోయినా విజిల్ నోట్లోంచి తీసేవాడు కాదు.

మరి మిగతా బండ్లు? నేలకింద రెండంతస్తుల పార్కింగు ఉంది. అక్కడ గీతలు ఎంత ఇరుకంటే, తలుపు మూరెడు కూడా తెరుచుకోదు. పైగా అక్కడి నుంచి లిఫ్టు దగ్గరికి నాలుగు మెట్లు. నాలుగే. నాలుగైనా నలభై అయినా కుర్చీకి ఒకటే.

మొదటి వారం అన్నీ సవ్యంగా జరిగాయి. తొమ్మిదీ నలభైకి బండి గొలుసు దగ్గర ఆగేది. తాత గొలుసు దించేవాడు. పదికి కాజాలక్క బల్ల దగ్గర సూదిలో దారం ఎక్కిస్తూ ఉండేది. ప్యాంటు అంచులు మడిచేది, భుజాలు దించేది, ఊడిన గుండీలు కుట్టేది. కొన్నవాళ్ళు ఎదురుగా నిలబడి, "ఇక్కడ కొంచెం బిగించండమ్మా" అనడం ఆమెకు కొత్త. తను కుట్టాల్సిన బట్టని మనుషుల ఒంటి మీద ఆమె అంతవరకూ చూడలేదు. ఆమెకు తెలిసిందల్లా మూటలో వచ్చిన బట్టే.

రెండో వారం ఒక రోజు, ఆమె వచ్చేసరికి నీలం గీతల మధ్య ఒక ఎర్ర కారు.

"కార్డుందమ్మా," అన్నాడు తాత విజిల్ పక్కనుంచి. "నేను కళ్ళారా చూశాను. కార్డున్నవాళ్ళని పొమ్మంటే నా ఉద్యోగం పోతుంది."

"పొమ్మనమని నేనెందుకంటాను తాతా? వాళ్ళకీ అవసరమే కదా."

వెనక బండ్లు హారన్లు కొడుతుంటే అక్కడ ఆగడానికి లేదు. వీధి చుట్టూ రెండుసార్లు తిరిగింది. రెండో చుట్టు నుంచి వచ్చేసరికి ఎర్ర కారు లేదు. బల్ల దగ్గరికి చేరేసరికి పదీ ఇరవై. మేడమ్ గోడ గడియారం వైపు చూసింది, ఆమె వైపు చూడలేదు.

కాజాలక్కకి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. ఇన్నేళ్ళూ తనలాంటి మనిషి ఆమెకు ఈ ఊళ్ళో కనబడలేదు. ఎర్ర కారు నడిపేది, ఎందుకో, ఒక టీచరమ్మ అయి ఉంటుందనుకుంది. ఎప్పుడైనా ఎదురుపడితే, మీ బండికి కడ్డీలు ఎవరు పెట్టారని అడగాలనుకుంది.

నాలుగు రోజులు పోయాక ఈసారి తెల్ల వ్యాను. దాంట్లోనూ కార్డు. వెనక వైపు దారేమైనా ఉందేమోనని కాంప్లెక్సు చుట్టూ తిరిగి, సరుకు దించే లారీల మధ్య ఇరుక్కుని, బయటపడి వచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయింది. పదీ ముప్పై అయిదు.

"రెండు," అంది మేడమ్. అంతే అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. "ఎర్ర కారు ఒకరిది, తెల్ల వ్యాను ఇంకొకరిది. ఇంతమంది ఉన్నారని నాకు తెలీనే తెలీదు అన్నయ్యా. ఒక్క చోటుకి ముగ్గురం. ఎవరు ముందొస్తే వాళ్ళది."

అన్నయ్య కంచంలోంచి తలెత్తలేదు. "మరి లోకంలో కష్టాలన్నీ నీ ఒక్కదానికే అనుకున్నావా?"

వదినకి పొలమారింది. దగ్గు ఆగేదాకా మంచినీళ్ళు తాగి, "పెందరాళే బయల్దేరమ్మాయ్," అంది. "అయినా ఇంటికొచ్చే పని మానుకుని, ఎందుకొచ్చిన తంటా ఇది?"

పెందరాళే బయల్దేరడానికి ఆమె ప్రయత్నించకపోలేదు. ఇంటి గుమ్మం దగ్గర ఉన్న రెండు మెట్ల మీద చెక్క వేసి కుర్చీని దించేది అన్నయ్యే. ఆయన షెడ్డుకి వెళ్ళేటప్పుడే దించేవాడు. అది తొమ్మిదింబావు. అంతకన్నా ముందు దించమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

మూడోసారి వచ్చింది మరుసటి సోమవారం. నీలం గీతల మధ్య ఒక బూడిద రంగు కారు ఉంది. గడియారం తొమ్మిదీ నలభై మూడు చూపిస్తోంది.

తాత స్టూలు పక్కన ఆరోజు కొత్తగా ఒక పలక వేలాడుతోంది. వచ్చే బండి కార్డు నంబరు పలక మీద రాయాలని పార్కింగు సూపర్వైజరు ఆ ఉదయమే హుకుం వేశాడట. మెడకి టై లేకుండా ఆ మనిషిని ఎవరూ చూడలేదు కనక అతన్ని అందరూ టై సారు అంటారు.

తాత సుద్దముక్క పట్టుకుని ఆమె అద్దం దగ్గరికి వంగాడు. కార్డు చూశాడు. పలక చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు. విజిల్ నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన పెదాలు ఆమెకు కనిపించడం అదే మొదటిసారి.

"అమ్మా, మీది ఏడు వందల పదమూడు కదా?"

"అవును."

"ఆ బండిలోదీ అదే."

"సరిగ్గా చూశారా తాతా? తొంభై మూడేమో?"

"చదువు తక్కువే కానీ అంకెలు వచ్చమ్మా." తాత గొంతు తగ్గించాడు. "మొన్న తెల్ల వ్యానులో ఉన్న కార్డు మూల కూడా ఇలాగే కత్తిరించి ఉంది. అప్పుడు నంబరు చూడమని ఎవరూ చెప్పలేదు."

కాజాలక్క తన కార్డు చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్ మూల ఒకటి ఏటవాలుగా తెగి ఉంది. అప్పుడు కూడా ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ఇష్టం లేదంటే సరిగ్గా ఉంటుంది. తన కార్డు ఎవరో దొంగిలించి, మళ్ళీ తెచ్చి పెట్టి ఉంటారని కూడా ఒక క్షణం అనుకుంది.

టై సారు వచ్చాడు. "ఒకే నంబరు రెండు బండ్లలో ఎలా ఉంటుందమ్మా? ఏది దొంగది?"

"నాది కాదండి. పదకొండు నెలలు తిరిగాను దీనికి."

"ఆయనా అదే చెబుతాడు. రానివ్వండి."

అరగంట దాటాక ఆయన వచ్చాడు. కాంప్లెక్సు కింది అంతస్తులో బ్యాటరీల కొట్టు ఉంది. అక్కడి నుంచి, కొత్త బ్యాటరీ పొట్టకి ఆనించి పట్టుకుని, గ్రీజు మరకల చొక్కాతో, ఈల వేసుకుంటూ వచ్చాడు. మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఎర్ర కారూ, తెల్ల వ్యానూ, బూడిద రంగు కారూ, అన్నీ షెడ్డుకి బాగుచేయించుకోవడానికి వచ్చిన బండ్లు. ఎవరి బండి అయితేనేం, కార్డు జేబులోదే.

చెల్లెలి కారు చూసి ఈల ఆపాడు. అంతలోనే సర్దుకున్నాడు.

"ఏంటి సార్ గొడవ? మా చెల్లెలండి. కాళ్ళు రావు. దాన్ని దింపడానికే వచ్చాను."

"ఆవిడ ఆవిడ బండిలోనే ఉంది కదయ్యా."

"అదే చెబుతున్నాను. ముందు నేనొచ్చి స్థలం ఆపాను, వెనకాల అది వచ్చింది. లేకపోతే ఎవడో ఒకడు పెట్టేస్తాడు కదా? కావాలంటే దాన్నే అడగండి." అద్దం దగ్గరికి వంగి, "చెప్పవే," అన్నాడు మెల్లగా. "అయిదు నిమిషాల్లో తీసేస్తాను. చెప్పెయ్."

మంచి అబద్ధమే. నిలబడే అబద్ధం. అవునంటే కార్డు దక్కుతుంది, అన్నయ్య పరువు దక్కుతుంది, అయిదు నిమిషాల్లో స్థలం కూడా దక్కుతుంది. కాజాలక్క ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో భయం లేదు. చెల్లెలు అవునంటుందని ఆయనకు అంత నమ్మకం. ఎర్ర కారు టీచరమ్మ గుర్తొచ్చింది ఆమెకు. కష్టాలన్నీ నీ ఒక్కదానికే అనుకున్నావా అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట అంటూ ఆయన అన్నం కలుపుకోవడం గుర్తొచ్చింది.

"మా అన్నయ్యేనండి," అంది. "నా కోసం రాలేదు. ఆయన పని మీద వచ్చాడు. కార్డు కాపీ తీసుకున్నాడని నాకు ఇప్పుడే తెలిసింది."

బ్యాటరీ కింద పెట్టాడు అన్నయ్య. "ఒసే, ఏం మాట్లాడుతున్నావు? నేనేమైనా పరాయివాడినా? పదేళ్ళు వీపు మీద మోశాను నిన్ను. ఆ కాళ్ళ కష్టంలో సగం నాది కాదా? ఒక కార్డు ముక్కలో నాకు పాలు లేదా?"

మోసిన మాట నిజమే.

టై సారు ఎవరివైపూ తీర్పు చెప్పలేదు. అతనికి తెలిసింది రూలు. "కార్డు ఇంకొకరు వాడితే కార్డు స్వాధీనం చేసుకుని ఆఫీసుకి పంపాలి. పంపాల్సింది అసలు కార్డు. కాపీని పంపి ఏం చేసుకోను? ఇలా ఇవ్వండమ్మా."

"వాడింది నేను కాదు కదండీ."

"కార్డు మీదే కదా?"

"మళ్ళీ ఎప్పుడిస్తారు?"

"అది ఆఫీసువాళ్ళ ఇష్టం. కొత్తగా పెట్టుకోవాల్సి ఉంటుందేమో." అద్దంలోంచి చెయ్యి పెట్టి కార్డు అందుకున్నాడు. "ఈరోజుకి పెట్టుకోండి. రేపట్నుంచి కార్డు లేకుండా వస్తే కిందకి పోవాల్సిందే."

"కంచే చేను మేస్తే ఎవరేం చేస్తారమ్మా," అన్నాడు తాత, గొలుసు దించుతూ. అన్నయ్య ఆయన వంక ఒక చూపు చూసి, బ్యాటరీ ఎత్తి బూడిద కారులో పడేసి, తలుపు దబాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

మేడమ్ ముందు ఆమె చేరేసరికి పదీ నలభై. అద్దం ముందు ఒక పెద్దాయన వేలాడే చేతుల చొక్కా వేసుకుని దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నాడు. మేడమ్ ఏమీ అనకముందే కాజాలక్క ఆయన చేతులు కొలిచి, చొక్కా విప్పించి, సూది అందుకుంది. పెద్దాయన వెళ్ళిపోతూ, బాగుందమ్మా అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పే ఆరోజుకి కాపాడింది.

"రేపు ఒక్కరోజు చూస్తాను," అంది మేడమ్. "పదంటే పది. లేదంటే బల్ల ఇంకొకరికి. నన్ను చెడ్డదాన్ని చెయ్యకు."

సాయంత్రం ఆమె ఇంటికి రాగానే వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య మాత్రం మాట్లాడాడు. ఆయన కోపం ఎప్పుడూ పూట దాటదు. మెట్ల మీద చెక్క వేసి, కుర్చీని పైకి తోసి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"పోనీలే. అయిందేదో అయింది. నీ ఉద్యోగం సంగతి ఏమంది ఆవిడ?"

"రేపు పదికి ఉండాలి. కార్డు లేదు కదా."

"అదా నీ బెంగ?" ఆయన నవ్వాడు. చొక్కా జేబులోంచి మూడు కార్డులు తీసి, పేకముక్కల్లా విప్పి చూపించాడు. నీలం రంగు అసలుదానికన్నా కాస్త ముదురు. మూడింటి మీదా ఏడు వందల పదమూడు. "రెండు షెడ్డుకి ఉంచుకుంటాను. ఒకటి నువ్వు తీసుకో. తీసుకోవే, నీకన్నా ఎక్కువా నాకు?"

ఆ మాట ఎగతాళికి అనలేదు. అదే ఆమెను చంపింది. ఎగతాళికి అని ఉంటే ఏడ్చి ఊరుకునేది. తన కాళ్ళ పేరు చెప్పుకుని తెచ్చిన కార్డుని ఆయన ఆమెకు దానం చేస్తున్నాడు, పైగా మనస్ఫూర్తిగా.

"నువ్వు రేపు అక్కడికి వస్తావా?" అని అడిగింది.

"ఆ బూడిద కారు బ్యాటరీ మార్చాలి. ఇచ్చినవాడు తప్పుడు సైజు ఇచ్చాడు." కాస్త ఆగి అన్నాడు. "అయిదు నిమిషాలే."

కాజాలక్క కాఫీ తాగడం పూర్తిచేసింది. గ్లాసు పక్కన పెట్టింది. చెయ్యి చాచి, మూడింట్లోంచి మధ్య ముక్క లాక్కుంది.

మర్నాడు ఏడున్నరకి అన్నయ్య ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. వదిన వంటింట్లోంచి శబ్దం విని వచ్చేసరికి, కాజాలక్క కుర్చీలోంచి మెట్టు మీదికి, మెట్టు మీంచి నేల మీదికి, కూర్చునే జరుగుతోంది. కుర్చీని మడిచి ముందే కిందకి జార్చింది. అరచేతులకి మట్టి.

"అయ్యో, ఆయన్ని పిలవనా అమ్మాయ్? ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

"స్థలం దొరకాలి కదా వదినా. ఆయనకన్నా ముందు వెళ్ళాలి."

కాంప్లెక్సు ఇంకా నిద్ర లేవలేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తాత అప్పుడే వచ్చి పలక తుడుస్తున్నాడు. ఆమె బండి గొలుసుకి ముక్కు ఆనించినట్టుగా ఆగింది. తాత వంగి అద్దంలోంచి చూశాడు. ముదురు నీలం కార్డు చూశాడు, ఆమెను చూశాడు.

"అసలుది నిన్న మా సారు తీసుకున్నారు కదమ్మా?"

నిన్న నిజం చెప్పడానికి ఆమె ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఇవాళ ఆగలేదు.

"మీ సారు తీసుకున్నది జిరాక్సు తాతా. ఆ గలాటాలో మా అన్నయ్య తారుమారు చేశాడు. అసలుది ఇది."

తాత విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు. సుద్దముక్క తీసుకుని పలక మీద ఏడు వందల పదమూడు రాశాడు.

"ఇంకెవరైనా ఇదే నంబరుతో వస్తే ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"దొంగ కార్డని చెప్పి పట్టుకోండి," అంది కాజాలక్క.

తాత గొలుసు దించాడు. ఆమె బండిని నీలం గీతల మధ్యకి నడిపి, ఇంజను ఆపి, చేతులకున్న మట్టి చీర చెంగుకి తుడుచుకుంది. షాపు తెరవడానికి ఇంకా రెండు గంటలు ఉంది. వీధి మలుపు కనిపించేలా అద్దం సరిచేసుకుని, కళ్ళు దాని మీదే పెట్టుకుని కూర్చుంది.